పెద్దమ్మ ఎత్తిన చెయ్యి

నెల్లూరులో మా మేడ మీద అద్దెకుండే పెద్దమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి. చీకటి పడగానే డాబా మీద కుడి చెయ్యి పైకెత్తి నిలబడేది. వీధి దీపం కంట్లో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చుక్కలు వెతికేది. ఆ దీపాన్ని కప్పేసరికి పక్కనున్న బట్టల దుకాణం బోర్డు మెరిసేది. "దేవుడు రెండు చేతులే ఇచ్చినాడే!" అని నవ్వేది.

చిన్నప్పుడు చూసిన పాలపుంతను ఇంకొక్కసారి చూడాలని ఆమె కోరిక. ఒక అమావాస్య సాయంత్రం స్కూటర్ మీద కోట అనే ఊరు దాటించి సముద్రం వైపు తీసుకెళ్లాను. తీరా చూస్తే రొయ్యల గుంట గట్టున పెద్ద ఫ్లడ్ లైటు! పెద్దమ్మ అలవాటుగా చెయ్యెత్తింది.

గుంట కాపలా ఆయన పరుగున వచ్చాడు. తరిమేస్తాడనుకున్నాను. ఆయన తలగుడ్డ తీసి, ఆమె ముందు తల వంచి నిలబడ్డాడు.

"మా రొయ్యలకి కూడా ప్రార్థన చెయ్యమ్మా. పోయినసారి జబ్బొచ్చి మొత్తం పోయినాయి."

పెద్దమ్మ ఎత్తిన తన చెయ్యి వైపు ఒకసారి చూసుకుంది. "అట్నేలే నాయనా. ముందు ఆ లైటు ఆపు."

ఆపాడు. మెల్లగా కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. నడినెత్తి నుంచి సముద్రం దాకా పాలపుంత తెల్లగా పరుచుకుని ఉంది. కాపలా ఆయన నోరు తెరుచుకుని చూస్తూ "ఆమేన్" అన్నాడు.

పెద్దమ్మ మాత్రం ఇంకా పైకి చూడనేలేదు. కప్పడానికి దీపమేదీ లేకపోయినా చెయ్యెత్తి, తల వంచి, ముందు రొయ్యల సంగతి దేవుడికి చెబుతోంది.