తన్నని కాలు

నేను తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి వచ్చాను. మా అవ్వ మంత్రసాని. నా పాదాలు చూసి, మా అమ్మను ఓదార్చడం కూడా మరిచిపోయి, "దీని కాలికి అన్నం పుట్టింది" అందట. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా పక్క నమ్మకం. దాంతో నాకు నడక కుదరకముందే పొద్దుటూరు పెద్దమనుషులు ఆదివారం పొద్దున మా ఇంటి గోడ పట్టుకుని వంగేవారు.

మూడో తరగతిలో, ఎక్కాలు తప్పు చెప్పానని మా అయ్యవారు ఒక శనివారం బెత్తంతో వాయించాడు. మరుసటి పొద్దున ఆయనే నడుము పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నన్ను చూసి తటపటాయించాడు గాని నొప్పి ఊరుకుంటుందా? వంగాడు. పదమూడో ఎక్కం మొత్తం గుర్తు చేసుకుంటూ తన్నాను. ఆయన నడుము బాగైంది. నేను సోమవారం నుంచి బడికి పోలేదు. నా చదువు అక్కడికి సరి.

పెళ్లయ్యాక కూడా ఈ పని మానలేదు. మగవాళ్లను నలుగురి ముందు తన్నే హక్కున్న ఆడది పొద్దుటూరులో నేనొక్కతెనే. మా ఆయన అది రోజూ చూస్తూ నాతో చాలా మర్యాదగా మాట్లాడేవాడు. రాజధాని మద్రాసు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది గాని, నడుము పట్టినవాళ్లు మాత్రం మా వాకిలి మార్చలేదు.

అయితే అవ్వ బతికున్నన్నాళ్లు నన్ను ఊరికే కాలు ఎత్తనిచ్చేది కాదు. ఆమెకు మర్దన పని కూడా వచ్చు. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి ఆరా తీసేది. పడుకుంటే నొప్పి తగ్గుతుందా? పొద్దు వాలితే ఒళ్లు కాగుతుందా? చొక్కా వదులైందా? ఉచ్చ ఆపుకోగలుగుతున్నావా? ఒకసారి ఒక కమ్మరాయనకు తిక్క రేగింది.

"నడుము నొప్పికి వస్తే నా ఉచ్చ సంగతి నీకేంటికవ్వా?"

"అది నీ మాట వింటాందా, దాని మాట అదేనా? చెప్పు. నీ పెండ్లాం అడగమన్న్యాదిలే."

ఆ తర్వాత నేల మీద చింతగింజ పడేసి ఏరమనేది. మామూలు పట్టు ఉన్నవాడు మమ్మల్ని తిట్టుకుంటూ, ఒక పక్కకు ఒరిగి, ఎట్లాగో వంగుతాడు. వెన్నెముకలో రోగం ఉన్నవాడు నడుము వంచడు. వెన్నును రోకలిలా నిలబెట్టి, మోకాళ్లు మడిచి కుదికిలబడి తీసుకుంటాడు. లేచేటప్పుడు తన తొడల మీద తనే చేతులు వేసుకుని పైకి పాకుతాడు. అట్లాంటి మనిషిని అవ్వ తాకేది కాదు. "ఇది మన చేతిది కాదు, జమ్మలమడుగు ఆస్పత్రికి పో" అని లేచిపోయేది. నాకేమో అదంతా ముసలామె చాదస్తంగా ఉండేది.

అవ్వ పోయిన కొన్నాళ్లకు ఒక ఆదివారం వాకిలి నిండా జనం. నా నోటికి అడ్డూ ఆపూ లేదు గాని, ఆ రోజు అడగాల్సిన మాటలే అడగలేదు. జోకులు వేసుకుంటూ వరసగా తన్నుకుంటూ పోయాను. అందులో పత్తి మిల్లులో బేళ్లు మోసే ఒకాయన ఉన్నాడు. తన్నగానే ఆయన అరవలేదు. కింద కూలబడి, రెండు కాళ్లనూ ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. మళ్లీ బేలు ఎత్తలేదు. కొడుకులు ఆయన్నే ఎత్తుకుని బయటికి తీసుకుపోయేవారు. నా కాలే ఆ పని చేసిందో, రోగం అప్పటికే చేసిపెట్టిందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ వారం నుంచి, ఎంత పెద్దమనిషి వంగినా సరే, అడగనిదే నా కాలు లేవలేదు.

ఇట్లా ఉండగా పులివెందుల పక్క పల్లె నుంచి కబురొచ్చింది. పంపినాయనకు భూములు, బావులు, వెనక కట్టెలు పట్టుకుని తిరిగే మనుషులు ఉన్నారు. అంతకు ముందు ఏడు మా వాకిట్లో వంగి, బాగుపడి, ఆ సంగతి ఊరూరా చెప్పుకున్నాడు. ఈసారి నడుము ఆయనది కాదు, కోడలిది. ముద్దనూరు మీదుగా బస్సెక్కి పోయాను.

పంచలో ఆడవాళ్లు చెనక్కాయలు వలుస్తున్నారు. కోడలు పిల్లకు ఇరవై ఏండ్లుంటాయి. మంచం అంచున, రెండు చేతులూ పక్కల ఊతం పెట్టుకుని కూర్చుంది. గాజులు వదులై మణికట్టు దాటి జారుతున్నాయి.

"వచ్చినావామ్మే?" అంది అత్త. "దీనికి నడుము కాదు, బద్ధకం పట్టుకోనుండాది. గెట్టిగా నాలుగు తన్ను."

"బద్ధకానికి నా కాలు పనిజేయదు పెద్దమ్మా. చేసేటట్టుంటే ముందు మా ఆయన్ను తన్నుకుందును."

పిల్ల నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని ఆగిపోయింది. నవ్వితే కూడా నొప్పి. నేను అడగడం మొదలుపెట్టాను. ప్రతిదానికీ అత్తే జవాబు చెప్పసాగింది.

"నిన్ను గాదు పెద్దమ్మా. నొప్పి ఎవరిదో వాళ్లను అడుగుతాండా."

"పొద్దు వాలితే సలి పెడ్తాదక్కా," అంది పిల్ల మెల్లగా. "పండుకున్యా తగ్గదు. బావి కాడికి పోతే చెప్పు యాడనో జారిపోతాది. పోయింది తెలీదు. కిందికి చూసుకుంటే ఉండదు."

"మూడు జతలు పోగొట్టింది," అంది అత్త. "ఒళ్లు తెలీని మనిషి."

"అదే పెద్దమ్మా నిజం. కాళ్లు తెలీడం లేదు దానికి."

చింతగింజ వేశాను. పిల్ల వంగలేదు. కొయ్యలా కుదికిలబడి తీసుకుంది, తొడలు పట్టుకుని పైకి పాకింది. వెన్ను మీద వేలి కణుపుతో ఒక్కొక్క పూసనే తట్టుకుంటూ వచ్చాను. రెక్కల కింద ఒక పూస తాడు ముడిలా బయటికి పొడుచుకుని ఉంది. దాని మీద తట్టగానే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు పత్తి మిల్లు ఆయన కళ్లముందు కూలబడ్డాడు.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి పోయాను. "ఇది తన్నితే పోయే నొప్పి కాదప్పా. పురుగు తిన్న దూలం మాదిరి ఐతాండాది ఎముక. దాన్ని తంతే ఇల్లే కూలుతాది. కదలకుండా పండబెట్టి జమ్మలమడుగు ఆస్పత్రికి తీసకపోండి. ఈ పొద్దే."

"నిన్ను పిలిపిచ్చింది తన్నేదానికి. డాక్టరు పని చేసేదానికి కాదు. తన్ను."

"తన్నను."

"ఎవరింట్లో నిలబడి మాట్లాడతాండావో తెలుసునా?"

"తెలుసప్పా. ఈ పొద్దు ఎవరో ఒగరు తన్నులు తినందే కుదరదంటే నువ్వు వంగు."

పంచలో ఆడవాళ్లు చెనక్కాయల చేటలు పక్కకు నెట్టి మా వైపు తిరిగారు. పెద్దాయన లేచి, కట్టెల మనుషుల్లో ఒకడిని పిలిచాడు.

"ఆ గొర్లు కాసేటోడు గూడా ఎదురుకాళ్లోడే గదా. వాన్ని పిల్చకరాపోరా."

నాకు ఇంకేం తోచలేదు. పోయి మంచం మీద, పిల్ల వెనక, గోడలా బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను.

"రానీ. వాడు ముందు నన్ను తన్నాల. ఎదురుకాళ్ల మనిషిని ఎదురుకాళ్ల మనిషి తంతే ఏమైతాదో మా అవ్వ గూడా చెప్పలేదు. ఊరు తగలబడినా పడొచ్చు. కట్టెల మొనగాళ్లూ, మీరు దూరంగా ఉండండప్పా."

పిలవడానికి బయల్దేరినవాడు గడప దగ్గరే ఆగి యజమాని వంక చూశాడు. ఆ సందులో నేను మళ్లీ అందుకున్నాను.

"పోయినేడు నీ నడుము బాగుచేసింది ఈ కాలే గదా? ఆ పొద్దు దీన్ని నమ్మినావు. ఈ పొద్దు అదే కాలు వద్దంటాంది. నమ్మితే రెండు తూర్లూ నమ్మల్ల. లేదంటే నీకు బాగైంది కూడా ఉత్తదే. ఇంత పెద్దమనిషి ఒక ఆడదాంతో ఊరికే తన్నిచ్చుకోని పోయినాడని పొద్దుటూరులో నేనే చెప్పుకుంటా."

ఎవరో ముక్కుతో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు. పెద్దాయన మొహం ఎర్రమట్టి రంగుకు వచ్చింది. నన్నొక చూపు చూసి లోపలికి పోయాడు.

కదిలింది అత్త. మంచం దగ్గరికి వచ్చి, కోడలి రవిక పైకి జరిపి, ఆ పూస మీద తన వేలు పెట్టింది. పిల్ల "అమ్మా" అంది. అత్త చెయ్యి చప్పున వెనక్కి వచ్చింది.

"ఇది ఎప్పటినుంచే?"

"చెప్తానే ఉండా గదత్తా. ఉగాదప్పటినుంచి."

ఆమె ఉన్నట్టుండి మగవాళ్ల మీద విరుచుకుపడింది. "ఏంది చూస్తాండారు? గాదె గది తలుపు ఊడదీయండ్రా!"

ఆ తలుపు మీద పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, చెనక్కాయల లారీలోకి ఎక్కించారు. మొగుడు ఒకడున్నాడు, తండ్రి ముందు నోరు తెరవని రకం. తలుపుకు ఒక కొస పట్టింది అతనే. దారి పొడుగునా గుంతలే. గుంత గుంతకూ డ్రైవరు తాత ముత్తాతలను పేరు పేరునా తలుచుకున్నాను. జమ్మలమడుగు చేరేసరికి వాడికి తన వంశమంతా తెలిసిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వెన్నుకు ఎక్స్‌రే ఫోటో తీయించింది. క్షయ రోగం ఎముకలో చేరి రెండు పూసలను తినేసిందట. ఒకటి ఇంకొకదాని మీద ఒరిగిందట.

"ఎవరన్నా మర్దన చేశారా? తన్నించారా?" అని గట్టిగా అడిగింది.

"తన్నేదాన్ని నేనేనమ్మా. తన్నలేదు."

ఎందుకు తన్నలేదో చెప్పమంది. చెప్పాను. నర్సులను పిలిచి మళ్లీ చెప్పమంది. మూడో తరగతి చదువుతో తెల్లబట్టల పిల్లలకు చింతగింజ పాఠం చెప్పాను. తర్వాత ఆమె నన్ను పక్కకు తీసుకుపోయి ఉన్న మాట చెప్పింది. కాళ్లు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. విరిగిన ఎముకలకు వేసే సున్నం పట్టీతో ఒంటి కొలతకు చేసిన తొట్టిలో నెలల తరబడి కదలకుండా పడుకోవాలి. సూదులు వేయాలి. అప్పుడు చూడాలి.

పెద్దాయన ఊరుకోలేదు. నాకు కాలు తలకెక్కిందని చెప్పుకున్నాడు. పులివెందుల పక్క నుంచి నాకు కబుర్లు ఆగిపోయాయి. పొద్దుటూరులో కూడా కొందరు, "తన్నమంటే కోర్టులో మాదిరి ప్రశ్నలడుగుతాది" అని, అడగకుండా తన్నేవాళ్లను వెతుక్కున్నారు. పోనిమ్మన్నాను. మిగిలినవాళ్లను ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే అడిగాను.

నెలకోసారి జమ్మలమడుగు పోయి ఆ పిల్లను చూసేదాన్ని. తల తిప్పడానికి కూడా వీల్లేకుండా పడుకుని ఉండేది. అత్త ఆస్పత్రి షెడ్డులో పొయ్యి పెట్టుకుని అక్కడే ఉండిపోయింది. నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి పిల్ల కాలివేలు గిల్లి, ఏ వేలో చెప్పమనేదాన్ని. నాలుగు నెలలు తప్పే చెప్పింది. అసలు గిల్లినట్టే తెలిసేది కాదు దానికి. తెలిసిందని నా కోసం అబద్ధం ఆడేది. బయటికి వచ్చాక బస్టాండులో కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరన్నా చూస్తే ఎండ అనేదాన్ని.

అయిదో నెలలో గిల్లగానే, "చిటికెన వేలక్కా. గోర్లు కత్తిరిచ్చుకోపో, రాక్షసీ!" అంది.

ఇంకో ఎండాకాలం దాటింది. ఆమెను నిలబెట్టే రోజు డాక్టరమ్మ కబురు పంపితే పోయాను. నడుముకు తోలు పట్టీ బిగించారు. ఇద్దరు నర్సులు చంకల కింద చేతులు వేసి లేపారు. పిల్ల నిలబడింది. చెమటలు కారుతున్నాయి. ఎడమ కాలు లోపలికి తిరిగింది, ఒళ్లు ఒక పక్కకు వాలింది.

అత్త కళ్లు తుడుచుకుంది గాని నోరు ఆగుతుందా?

"వంకర నిలబడ్తాండావే. సక్కగా నిలబడు."

"నిలబడేది నేనత్తా," అంది పిల్ల. "వంకరో టింకరో నా ఇష్టం."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త నా వైపు తిరిగింది.

"అంతా నీ సావాసమేమ్మే!"

జవాబు చెప్పబోయాను గాని ఎవరూ నా వైపు చూడటం లేదు. పిల్ల నర్సుల చేతులు రెండూ విదిలించుకుంది. అత్త పట్టుకోబోతే, "పట్టుకోవద్దు" అంది. కుడి కాలు వేసింది. ఎడమ కాలిని ఈడ్చింది. పళ్లు బిగించి మళ్లీ కుడి కాలు వేసి, మంచం అవతల ఉన్న కిటికీ దాకా పోయి, ఊచలు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరగకుండా చాలాసేపు రోడ్డును చూసింది.