మూత విప్పి చూడమన్న మాస్టారు

గత గురువారం ఉదయం ఆటోనగర్‌లో నా షెడ్డు తాళం తీస్తుండగా ఫోను మోగింది. దయానందం మాస్టారు ఇక లేరని కంచరపాలెం నుంచి వారి అమ్మాయి చెప్పింది. "నిన్న కూడా నాన్న నీ గురించే అడిగారు" అంది. నాలుగు నెలలుగా నేను ఆయనతో మాట్లాడలేదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి, పదవీ విరమణానంతరం విశ్రాంతిని తృణీకరించి, ఆటోనగర్‌లో యంత్రాలు బాగుచేసే రేకుల షెడ్డు తెరిచిన జిజ్ఞాసువు ఆయన. నేను ఆయన శిష్యురాలిని, ఆపైన ఆ షెడ్డులో ఆయనతో కలిసి పనిచేసినదాన్ని. "మూత ఇప్పడానికి బయపడ్డ ఊరే ఎనకబడ్డ ఊరమ్మా" అనేవారు. నేను ఏ జవాబు చెప్పినా "అదెలాగమ్మా?" అని అడ్డుపడేవారు.

ఒకరోజు చేపల రేవు నుంచి ఎర్రయ్య అనే బోటు యజమాని, నీళ్ళ అడుగున చేపల గుంపును తెర మీద చూపే విదేశీ యంత్రాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. పాడైతే కంపెనీవాళ్ళు బాగుచేయరట, కొత్తది కొనుక్కోమన్నారట. మాస్టారు మూత విప్పారు. రెండు నెలలు శోధించి అలాంటిదే మేము సొంతంగా తయారుచేశాం. సముద్రంలోకి వెళ్ళిన మూడో రోజే దాని తెర నల్లబడింది.

"ఏటి మేస్టారూ, ఒడ్డున కూకుని సేసినారు. సముద్రం మీకు తెల్దు" అని ఎర్రయ్య విసుక్కున్నాడు.

"నిజమే ఎర్రయ్యా. నన్ను తీసుకెళ్ళు."

అరవై ఆరేళ్ళ వయసులో బోటెక్కారు. దారి పొడవునా వాంతులే. అయినా యంత్రం పక్కనుంచి కదల్లేదట. తిరిగొచ్చి రేవులో కూలబడి, "తీగ దూరే కంతలోంచి ఉప్పుతేమ లోపలికెల్తంది అమ్మాయ్. కంపెనీవోడి పుస్తకంలో ఈ ముక్క నేదు. మనకే తెలుసు!" అని పసివాడిలా నవ్వారు. రెండోసారి చేసింది చెక్కుచెదరలేదు.

అప్పుడొచ్చింది ఒక పెద్ద కంపెనీ. నమూనా తమకివ్వాలి, మరెవరికీ నేర్పకూడదన్నది వాళ్ళ ఒప్పందం. సంతకం పెడదామన్నాను.

"లోకమంతా పరుగెడుతోంది మాస్టారూ. ఒక్క రేకుల షెడ్డుతో ఎంతదూరం పోతాం?"

"అందుకే పది షెడ్లకి నేర్పుదాం. పెద్దపెద్ద కంప్యూటర్ల బిల్డింగులు మన ఊరు వత్తన్నాయంట. రానీ. ఆటికి కాపలా కాయడమేనా మన పని?"

"నేర్చుకున్నవాళ్ళే మనకు పోటీ వస్తారు."

"రావాలమ్మా! పోటీ నేకపోతే మన పనికి పదునెలా వత్తాది?"

కోపంతో బయటికొచ్చి వేరే షెడ్డు పెట్టుకున్నాను. మరుసటి వారమే ఆయన ఆ నమూనా కాగితాలన్నీ ఇరుగుపొరుగు షెడ్లవాళ్ళ ముందు పరిచేశారు. కంపెనీ వెళ్ళిపోయింది.

సమాధుల తోటలో ప్రార్థన ముగిశాక, ఆ షెడ్లలో ఒకదాన్ని నడిపే లక్ష్మి నా దగ్గరికొచ్చింది. "అక్కా, సేపల్ని సూపే మిషను నాను సిన్నది సేసినాను. లోతుకెల్తే బొమ్మ ఒణికిపోతంది. మేస్టారు నీ దగ్గరికే ఎల్లి అడగమన్నారు" అంది.

మర్నాడు వెళ్ళి చూశాను. అది మేము చేసినదానికన్నా మేలైనది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. సంతకం పెట్టి ఉంటే అది పుట్టేది కాదు. పెట్టనందువల్ల ఈ షెడ్లన్నీ రేపు నిలుస్తాయన్న భరోసా కూడా లేదు. మనసు ఒకచోట కుదురుకోవడం లేదు.

గురువర్యా, మీ పాదాలకు ప్రణామం. లక్ష్మి అడిగినదానికి జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. "అదెలాగమ్మా?" అని మీరు అడ్డుపడందే, అది సరైనదో కాదో నాకు తెలియడం లేదు.