నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఆరు కోరీ చేపలు

మా ఆళ్లగడ్డ ఇంట్లో రెండడుగుల గాజు తొట్టి ఒకటి ఉంది. మా కోడలు రూతు టీచర్ ట్రైనింగుకని కర్నూలు హాస్టల్లో చేరబోయే ముందు కూతురు సలోమికి కొనిచ్చి వెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్ల తల్లి మీద బెంగ పెట్టుకోకుండా చేపల్ని చూసుకుంటుందని ఆమె ఆలోచన. తొట్టిలో ఏడు గప్పీ చేపలుండేవి. ప్రతి శనివారం సలోమి తల్లికి ఇన్‌లాండు ఉత్తరం రాసేది. ఏ చేప తోక ఎంత పెరిగింది, ఏది దేన్ని తరిమింది, అదే ఉత్తరమంతా. జూన్ చివర్లో తొట్టి అడుగున తిండి మిగిలి నీళ్లు వాసన వేయసాగాయి. అడుగున తిరిగే మీసాల చేపను వేస్తే మిగిలింది తినేస్తుందని ఎవరో చెప్పారు. అటువంటివి నంద్యాలలో అమ్ముతారట. మన కాలవలో మీసాల చేపలు లేవా, నంద్యాల దాకా పోయి కొనడమెందుకని నేనే కె.సి. కాలవలో వల వేసే మనిషితో వేలెడు జెల్ల చేపను తెప్పించి తొట్టిలో వేశాను. సలోమి వద్దంది. పెద్దవాళ్లు చేసేటప్పుడు అడ్డం రాగూడదన్నాను. రెండో రోజు తెల్లవారేసరికి ఏడు గప్పీలూ లేవు. జెల్ల మాత్రం కడుపు ఉబ్బించుకొని రాయి పక్కన పడుకొని ఉంది. దాన్ని తీసుకుపోయి మళ్లీ కాలవలోనే వదిలాను.

పిల్ల ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. ఉత్తరాలు రాయడం మాత్రం మానేసింది. రెండు శనివారాలు ఇన్‌లాండు కాగితం బల్ల మీద తెల్లగానే ఉండిపోయింది. ఎందుకు రాయవని గట్టిగా అడిగితే తల వంచుకొని, "ఏం రాయాల జేజీ? అబద్ధం రాయగూడదంటివి. నిజం రాస్తే నీ మీద చాడీ చెప్పినట్లయితాది. అదీ చెప్పగూడదంటివి" అంది. రెండూ నేను నేర్పినవే. ఈలోగా రూతు నుంచి ఉత్తరం వచ్చింది, పాపకు జ్వరమేమైనా వచ్చిందా, దాచకుండా రాయండి అత్తమ్మా అని. నిద్ర పట్టడం లేదని చివర ఒక వాక్యం. కొత్త చేపలు తొట్టిలో పడితే పిల్ల చేతికి కలం అదే వస్తుందనుకున్నాను. ఇది 1984 జూలై సంగతి. మరుసటి శనివారం సలోమిని తీసుకొని నంద్యాలకు బయలుదేరాను.

ఆళ్లగడ్డలో ఉదయం ఆరూ పదికి ఎర్ర బస్సు ఉంది. పెద్దలకు మూడు రూపాయల నలభై పైసలు, పిల్లలకు అందులో సగం. ఎడమవైపు కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. సిరివెళ్లలో ఐదు నిమిషాలు ఆగుతుంది. వాన పడి రోడ్డు గుంతలు తేలి ఉండటంతో నంద్యాల చేరేసరికి ఎనిమిదయింది. దారంతా సలోమి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అడిగినదానికి "ఊ" అనేది, అంతే. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, చేపలమ్మే అంగడి దాకా నడిచే పోయాం. పది నిమిషాల దూరం. రిక్షాలవాళ్లు రెండు రూపాయలు అడుగుతారు గాని అవసరం లేదు.

ఆ అంగడి బయట నుంచి చూస్తే గడియారాలు బాగుచేసేది. వెనక గదిలో తొమ్మిది గాజు తొట్లున్నాయి. అంగడాయన మస్తాన్, యాభై దాటిన మనిషి, కంటికి గడియారాల అద్దం తగిలించుకొనే చేపల్ని కూడా చూస్తాడు. మద్రాసు నుంచి గుంతకల్లు మీదుగా రైల్లో ఆయనకు గురువారం చేపలొస్తాయి. రెండు రోజులు ఉంచి, నిలిచినవాటినే శనివారం నుంచి అమ్ముతాడు. మీరు పోదలిస్తే శుక్రవారం పోవద్దు.

రిటైరైన టీచర్నని చెప్పుకొని నేను విప్పిన జెల్ల కథ విని ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "టీచరమ్మా, కోళ్లగూట్లో పిల్లిని కావలి పెట్టినట్ల చేసినారు గదా! మీసాలున్నంత మాత్రాన అన్నీ ఒకటే అయితాయా?"

"అందుకే అడుగుతున్నానప్పా. ఇంట్లో రెండడుగుల తొట్టి. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో రెండూ చెప్పు" అన్నాను.

ఆయన ఓపిగ్గా చూపించాడు. మొదటిది సక్కర్, అద్దానికి నోరు కరిపించుకొని ఉండే నల్లటి చేప. పాచి తింటుందని అందరూ అదే అడుగుతారట. "ఈ పొద్దు వేలంత ఉంది. రెండేండ్లకు మోచెయ్యంత అయితాది. అప్పుడు దాన్ని యాడ పెడతారు? నీళ్ల తొట్టిలోనా?" అన్నాడు. పైగా పాచి ఒక్కటే చాలదట, ఉడికించిన దోసకాయ ముక్కలు వేస్తూండాలట. రెండోది గాజు జెల్ల. ఒంట్లో ఎముకలన్నీ బయటికి కనిపిస్తున్నాయి. సలోమి తొట్టికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "పాపా, అది శానా నాజూకు. ఒంటరిగా వేస్తే తిండి మాని చచ్చిపోతాది. మీ బస్సు కుదుపులకు ఆళ్లగడ్డ చేరదు" అన్నాడు మస్తాన్. మూడోది కోరీ. బొటనవేలంత ఉంటుంది, పొట్టిమీసాలు, రాగిరంగు ఒళ్లు. అడుగున ఇసుకలో మూతి దూర్చి గుంపుగా వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. ఒకటి ఆగితే మిగతావీ ఆగుతున్నాయి. ఎవరినీ కరవవు, పెద్దగా పెరగవు. నాకు నచ్చాయి.

"రెండు చాలు" అన్నాను.

"రెండైతే నేనివ్వను. ఇస్తే ఆరు. గుంపు లేకుంటే ఇవి రాయి కింద నుంచి బయటికే రావు. ఇంగోటి టీచరమ్మా, ఇవి ఎంగిలి తిని బతికే పనివాళ్లు గావు. పైచేపలకు వేసినట్లే వీటికీ వేరే వేయాల, అడుగుకు దిగే తిండి, పొద్దు గూకేటప్పుడు. గరుకురాళ్లు వద్దు, మీసాలు అరిగిపోతాయి. కుందూ ఏటి ఇసుక బాగా కడిగి పోయండి. చేపకు జబ్బంటే మనోళ్లు ఉప్పు వేస్తారు, వీటికి ఉప్పు పడదు. వారానికొకసారి పావువంతు నీళ్లు మార్చండి, మొత్తం పారబోయొద్దు."

ఆయన చెప్పినవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. జత ఎనిమిది రూపాయలు, ఆరింటికి ఇరవై నాలుగు. ఇంటి నుంచి తెచ్చిన స్టీలు పాల క్యానును గర్వంగా ముందు పెట్టాను. అందులో కాచి చల్లార్చి, బట్టలో వడగట్టిన నీళ్లున్నాయి. కలరా రోజుల నుంచి మా ఇంట్లో కాచని నీళ్లు ఎవరూ ముట్టరు. మస్తాన్ మూత తీసి చూసి నా వైపు తిరిగాడు. "కాచినారా? అయ్యో, కాచితే నీళ్లలో గాలంతా పోతాది గదమ్మా. చేప యాడ ఊపిరి తీసుకోవాల?"

ఆరో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు ఆ పాఠం నేనే చెప్పాను. కాచిన నీటిలో కరిగిన గాలి ఉండదు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

ఆయన తన తొట్టి నీళ్లతోనే చేపల్ని పాలిథిన్ కవర్లో కట్టి, "ఈ కాచిన నీళ్లు పారబోసి కవరు క్యాన్లో దించుకోండి, ఒడిలో పెట్టుకోవద్దు" అన్నాడు. నేను వినలేదు. కట్టెలు కాల్చి కాచిన నీళ్లు దారిలో తాగడానికైనా పనికొస్తాయని క్యాను అట్లాగే మూసి, కవరును గుడ్డసంచిలో పెట్టి మోకాళ్ల మధ్య పట్టుకున్నాను.

తిరుగు బస్సు పదకొండున్నరకు. సిరివెళ్ల ఇంకా మైలు దూరం ఉందనగా బస్సు పెద్ద గుంతలో పడి లేచింది. కాసేపటికి వెనక సీటు నుంచి ఒకామె అరిచింది. "ఏందమ్మా, కిందంతా నీళ్లు కారతాండాయి! పిల్లేమన్నా పోసిందా?"

సలోమి ముఖం ఎర్రబడింది. సంచి తెరిచి చూస్తే కవరు మూల తడి తడిగా ఉంది. కోరీలకు ఈతరెక్కల ముందు గట్టి ముల్లు ఉంటుంది, బెదిరితే దాన్ని నిక్కించి పెడతాయి. ఆ ముళ్లు కవరును మూడుచోట్ల పొడిచాయి. సగం నీళ్లు పోయాయి. సలోమి చటుక్కున కవరు మూలను పైకెత్తి వేళ్లతో నులిమి పట్టుకుంది. ముల్లు గుచ్చుకొని వేలు మీద రక్తం చుక్క కనిపించినా వదల్లేదు. "జేజీ, నీళ్లు! ఏమన్నా చెయ్యి జేజీ!" అంది. మూడు వారాల తర్వాత పిల్ల నన్ను అడిగిన మొదటి సాయం అది. నా దగ్గర చూస్తే గాలి లేని నీళ్లు.

కండక్టరు వచ్చి చూశాడు. "అవ్వా, చేపలు బస్సులోనా? పులుసుకా, పూజకా?"

"రెండూ కాదు నాయనా. బతికించడానికి" అన్నాను.

ఇందాక అరిచినామె పేరు ఓబులమ్మ. సిరివెళ్ల బస్టాండులో టీ అంగడి ఉందట, నంద్యాలలో కొన్న కొత్త గిన్నె చేతిలో ఉంది. సంగతి చెప్పాను. "కాచిన నీళ్లు సప్పగుంటాయిలే. ఎత్తి పోస్తే గాలి పడతాది. నేను రోజంతా చేసేదదే గదమ్మా, దీనికింత గాబరా దేనికి?" అంది. సిరివెళ్లలో బస్సు ఆగగానే మెట్టు పక్కన నిలబడి, క్యాను నెత్తికంటే పైకెత్తి కింద పట్టిన గిన్నెలోకి సన్నటి ధారగా పోసింది. గిన్నెలోంచి మళ్లీ క్యాన్లోకి. ఒక్క చుక్క బయట పడలేదు. ఇరవైసార్లు పోసింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఆగప్పా! నీకు టీ పోసేటప్పుడు ఇట్లనే తొందర పడతావా?" అని ఓబులమ్మ గట్టిగా అరిచేసరికి బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వి ఇంజను ఆపేశాడు.

ఆ నీళ్లను కొద్దికొద్దిగా పాత నీళ్లలో కలుపుతూ చేపల్ని క్యాన్లోకి దించాం. ఒకటి పైకి వచ్చి గుటక వేసి కిందికి పోతే సలోమి భయపడింది. కోరీలు అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగుతాయని, అది జబ్బు కాదని మస్తాన్ చెప్పిన మాట పుస్తకంలో చూపించాను. మిగతా దారంతా పిల్ల మూత సందులోంచి లెక్కపెడుతూనే ఉంది. ఒంటిగంటన్నరకు ఇల్లు చేరేసరికి ఆరూ కదులుతున్నాయి. గంటసేపు తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా క్యాన్లో పోసి అలవాటు చేసి, అప్పుడు వదిలాం.

సాయంత్రం తిండి వేశాక సలోమి తనంతట తానే ఇన్‌లాండు కాగితం తీసింది. "అమ్మా, ఆరు కోరీ చేపలు వచ్చినాయి" అని రాసి ఆగిపోయింది. కలం మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. కొత్త చేపలు ఎందుకొచ్చాయో రాయాలంటే పాతవి ఏమయ్యాయో రాయాలి. ఆరు చేపలు కాదు, అరవై కొన్నా ఆ వాక్యం పిల్ల రాయగలిగేది కాదని అప్పుడు తెలిసింది. కాగితం నా వైపు తిప్పుకొని రాశాను. "రూతూ, పాపకు జ్వరం లేదు. కాలవ జెల్లను తొట్టిలో వేసి గప్పీలను పోగొట్టింది నేను. సలోమి వద్దని చెప్పింది. నేను వినలేదు. తప్పు నాది." ఇటువంటి వాక్యం నా చేత్తో అంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

సలోమి చదివింది. "ఎన్ని గప్పీలో రాయలేదు జేజీ" అంది. "ఏడు." 'గప్పీలను' ముందు 'ఏడు' అని చేర్చాను. మిగతా కాగితమంతా ఆ పిల్లే నింపింది. జాగా చాలక అంచుల్లో కూడా రాసింది, ఓబులమ్మ ధార గురించి, వేలికి గుచ్చుకున్న ముల్లు గురించి.

నలభై మూడు కిలోమీటర్ల ప్రయాణం ఇది, పెద్దదేమీ కాదు. కాని క్రమశిక్షణ పేరుతో పిల్లకు రెండు నియమాలు నేర్పి, ఆ రెండింటి మధ్య దాన్ని ఇరికించి మూడు వారాలు నోరు మూయించానని తెలియడానికి నేను అంత దూరం పోయి రావలసి వచ్చింది. నియమాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. పెద్దవాళ్ల తప్పు చెప్పడం చాడీ కాదని ఒకటి కొత్తగా చేరింది. ఇక పోదలచినవారికి ఒక్క మాట. మీసాల చేపల్ని వలతో పట్టవద్దు, ముల్లు దారాల్లో చిక్కుకుంటుంది. గిన్నెతో నీళ్లతో సహా ముంచి తీయండి. బస్సులో తెచ్చేటప్పుడు రెండు కవర్ల మధ్య దళసరిగా వార్తాపత్రిక మడిచి పెట్టి, ఆ మూటను ఖాళీ స్టీలు క్యాన్లో దించండి. మళ్లీ చెబుతున్నాను, ఖాళీ క్యాన్లో.