నా కుడి పక్కన నిలబడ్డవాడు

"ఆ జాగా నాది. నువ్వు లోపలికి జరుగప్పా."

వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని తెలుగువాణ్ణని, యాసను బట్టి కోనసీమవాణ్ణని పోల్చుకున్నట్టున్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నేరుగా వచ్చి నా పక్కన నిలబడి జరగమన్నాడు.

"కోచ్ నన్నిక్కడ నిలబడమన్నాడు. కావాలంటే ఆయన్నే అడుగు," అన్నాను.

"మీ కోనసీమోళ్ళు కూచోని తినేదానికే గదా లావయ్యేది. ఈడ నిలబడితే పనికొస్తావా?" అని నా పొట్టకేసి చూసి, వెళ్ళి నా కుడి పక్కన నిలబడ్డాడు. వాడిది రాయచోటి వైపు పల్లె. కువైట్ ఊరవతల కబ్ద్‌లో ఒక కువైటీ తోటలో ఒంటెలనూ గుర్రాలనూ చూసుకుంటాడు. నా అంత లావు లేడుగానీ నాకంటే ఎత్తు, చేతులు మోకాళ్ళదాకా ఉంటాయి. ఆ క్షణం నుంచి ఇవాళ్టిదాకా వాడంటే నాకు పడదు.

కువైట్‌లో చలికాలం రాగానే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే జట్లు కొన్ని ఉన్నాయని ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. నేను కూరగాయలూ మాంసమూ చేపలూ నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. ఒకరోజు ఏదో సరుకు గురించి వచ్చిన కువైటీ ఒకాయన, నేను బరువున్న ట్రాలీని వెనక్కి లాక్కుంటూ నడవడం చూసి ఆగిపోయాడు. నా భుజాలకేసి చూడలేదు, కాళ్ళకేసి చూశాడు. మళ్ళీ ఒకసారి లాగమన్నాడు. వెనక్కి నడిచేటప్పుడు నా అడుగులు చిన్నగా పడతాయట, ఒక కాలు ఇంకో కాలికి అడ్డం రాదట. "శుక్రవారం ఖాళీయేనా?" అని అడిగాడు. ఆయనే మా కోచ్. అమెరికాలో చదువుకుంటూ అక్కడి కాలేజీ జట్టులో ఆడిన మనిషి.

ఆ ఆటలో బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. పేరంతా అతనికే వస్తుంది. అతని ముందు ఐదుగురు వరసగా వంగి నిలబడతారు. ఆ ఐదుగురూ బంతి విసరరు, పట్టరు, పరిగెత్తరు. ఎదుటి జట్టువాళ్ళు అతని మీద పడకుండా ఆపడమే వాళ్ళ పని. ఆ ఐదుగురిలో ఎడమ చివర నేను. మా క్వార్టర్‌బ్యాక్ కుడిచేతివాటం. విసిరేటప్పుడు ఎడమ వైపుకు అతని వీపు ఉంటుంది. ఆ వైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అందుకే ఎడమ చివర స్థానానికి ఆ వరసలో అంత విలువ.

వాడి గొడవంతా దాని గురించే. మా క్వార్టర్‌బ్యాక్ స్వయానా వాడికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కొడుకు. ప్రతి శుక్రవారం వాణ్ణి తన పికప్‌లో మైదానానికి తీసుకొచ్చేవాడు. "మా చిన్న సేటు వీపు నేను కాసుకోవాల. బయటోడు కాసేదేంది?" అని కోచ్‌తో అరబ్బీలో వాదించాడు. వాడి అరబ్బీ నీళ్ళలా పారుతుంది. నాకు వచ్చిన అరబ్బీ గిడ్డంగి దాటి బయటికి రాదు.

కోచ్ వినలేదు. అమెరికాలో జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్లు లైన్‌లోకి కుర్రాళ్ళను ఎలా ఎంచుకుంటాయో మాకు ఫోన్లో వీడియోలు చూపించేవాడు. అక్కడ ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. జట్లు వంతులవారీగా ఒక్కొక్కణ్ణి పిలుచుకుంటాయి. ముందు చేతుల పొడవు కొలుస్తారు, నడుం ఎంత కిందికి వంగుతుందో చూస్తారు, పక్కకి అడుగెలా వేస్తాడో చూస్తారు. తీసుకున్నాక కూడా వెంటనే ఆడించరు. ఒక్క అడుగు సరిచేయడానికి ఏళ్ళు పడతాయి. "నీ చేతులు బాగున్నాయి, అతని కాళ్ళు బాగున్నాయి. చేతులున్నవాడు లోపల, కాళ్ళున్నవాడు చివర. ఖలాస్," అన్నాడు కోచ్. వాడు ఉమ్మేసి వచ్చి నిలబడ్డాడు.

మేమిద్దరం తెలుగులో తిట్టుకోవడం విని కోచ్ ముచ్చటపడ్డాడు. ఆటలో బంతి కదిలే ముందు, ఎదుటివాళ్ళు నిలబడ్డ తీరును బట్టి ఎవరు ఎవర్ని పట్టాలో పక్కపక్కవాళ్ళు అరిచి చెప్పుకోవాలి. అది ఇంగ్లిషులో చెబితే అందరికీ అర్థమవుతుంది. తెలుగులో అయితే ఎవరికీ తెలియదు కాబట్టి మీ మాటలు మీరే పెట్టుకోండి అన్నాడు. ఎవడి మనిషిని వాడే ఆపాలంటే "ఆపు" అనుకున్నాం. దాని మీద గొడవ రాలేదు. ఇద్దరం కలిసి ఒకణ్ణే నెట్టి బంతి మోసుకెళ్ళేవాడికి దారి చేయాలంటే "తోయ్" అన్నాను నేను.

"తోయ్ ఏంది, తోయ్? నూకు అనల్ల."

"చివర ఉన్నవాడే చెప్పాలన్నాడు కోచ్. నేను తోయ్ అంటాను."

"నువ్వేమన్నా అనుకో. నేను నూకుతా."

ఆ ఏడాదంతా నేను తోయ్ అని అరిస్తే వాడు వెనకాలే, నన్ను దిద్దుతున్నట్టు, నూకు అని అరిచేవాడు.

మూడో ఆటలోనో నాలుగో ఆటలోనో మా ఇద్దరి మధ్య సందులోంచి ఒకడు దూరి క్వార్టర్‌బ్యాక్ మీద పడ్డాడు. కుర్రాడు భుజం పట్టుకుని చాలాసేపు లేవలేదు. నేను ఆపు అన్నాను, వాడు లోపలికి జరిగాడు, వాడు ఆపాల్సిన మనిషి మా మధ్యలోంచి వెళ్ళాడు. వీడియోలో కూడా అలాగే ఉంది. కానీ నేను లేచేలోపే వాడు కఫీల్ కొడుకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నాకేసి చెయ్యి చూపిస్తూ అరబ్బీలో చెప్పేశాడు. అడ్డుపడదామంటే నాకు అంత అరబ్బీ రాదు. కఫీల్ కొడుకు నాతో ఆ తర్వాత చాలా వారాలు మాట్లాడలేదు.

"ఏం చెప్పేవు ఆడికి?" అని నీళ్ళ దగ్గర పట్టుకుని అడిగాను.

"జరిగింది చెప్పినా."

"ఆడు పోయింది నీ వైపు నుంచి."

"నువ్వు చూసుకోవాల గదా. చివరోడివి, పెద్ద మొనగాడివి."

కోచ్‌కి వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "సందు ఇద్దరిదీ," అని, ఇద్దర్నీ ఒకే ఇనుప బండిని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నెట్టమన్నాడు. ఒకరి భుజం ఒకరికి ఆనించి నెట్టాలి. వాడి ఒంటి మీద ఒంటెల వాసన. నా ఒంటి మీద చేపల వాసన అని వాడన్నాడు. అప్పటి నుంచి ప్రాక్టీసులో ఎప్పుడు వీలు దొరికినా వాడి మోచెయ్యి నా డొక్కలో దిగేది. నేనూ ఊరుకోలేదు. వాడి కాలి మీద నా బూటు ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. కోచ్ చూసీచూడనట్టు ఉండేవాడు. "మీరు స్నేహంగా ఉండాలని ఎవరు చెప్పారు? అడుగులు కలిస్తే చాలు," అనేవాడు.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత మా వైపు నుంచి ఒక్కడు కూడా దూరలేదు. నా వల్ల తప్పు జరిగిందని వాడి నోట వినకూడదని నేను, నా నోట వినకూడదని వాడు. ప్రాణం పెట్టి ఆపేవాళ్ళం.

మా దగ్గర కూడా ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. కువైట్ సిటీలో బ్నీద్ అల్ గార్ దగ్గర ఒక హోటల్ పైన హాల్లో అందరం కూర్చుంటే, జట్ల కెప్టెన్లో కోచ్‌లో వంతులవారీగా పిలుస్తారు. ముందు బంతి పట్టేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు పోతారు. లైన్‌వాళ్ళం బిర్యానీలు వచ్చేదాకా గోడ పక్కన కూర్చునే ఉంటాం. రెండో ఏడు కఫీల్ కొడుకు సొంతంగా ఒక జట్టుకు కెప్టెన్ అయ్యాడు. తన మొదటి వంతుకే లేచి వాణ్ణి పిలిచాడు. హాలంతా నవ్వింది. లైన్‌వాణ్ణి మొదటి వంతులో ఎవరూ పిలవరు. మా కోచ్ మాత్రం నవ్వలేదు.

ఆయన నన్ను మళ్ళీ తీసుకున్నాడు. వాడి జాగాలోకి ఒక ఈజిప్టు మెకానిక్ వచ్చాడు. నెమ్మదస్తుడు. తోయ్, ఆపు రెండూ రెండు ప్రాక్టీసుల్లో నేర్చుకున్నాడు. వాడితో పడ్డాక ఇతని పక్కన నిలబడటం నాకు పండగలా ఉండేది.

కఫీల్ కొడుకు జట్టుతో మా ఆట వచ్చింది. వంగి చెయ్యి నేల మీద పెట్టి తలెత్తితే ఎదురుగా వాడున్నాడు. వాణ్ణి ఆపేవాళ్ళ వరసలోంచి తీసి, మీద పడేవాళ్ళ వరసలో సరిగ్గా నా ముందు పెట్టారు. నేను తోయ్ అని అరిచాను. వాడు పళ్ళికిలించి, తన వాళ్ళకు అరబ్బీలో కేకేశాడు. అందరూ మా వైపు మూగారు. బంతి మోసుకొచ్చినవాడు అక్కడికక్కడే కూలబడ్డాడు. ఆపు అంటే వెంటనే విడిపోయి చుట్టూ వచ్చేవాళ్ళు. సగం ఆట అయ్యేసరికి మా కొత్త క్వార్టర్‌బ్యాక్ బట్టలనిండా గడ్డి.

విరామంలో ఈజిప్టు ఆయనకు చెప్పాను, ఇకపై మాటలు తిరగేద్దామని. తోయ్ అంటే ఆపు, ఆపు అంటే తోయ్. పాపం ఆయన తల ఊపాడు. మొదటిసారి బాగా పనిచేసింది. వాడు విడిపోయి పక్కకి పోబోతుంటే ఇద్దరం కలిసి వెల్లకిలా పడగొట్టాం. వాడి మీద నా బరువంతా వేసి, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే ఉన్నాను.

"మాటలు తిప్పినావా," అన్నాడు కిందనుంచి, ఊపిరందక.

ఆ తర్వాత నేనేం అరిచినా వాడు చెవిన పెట్టలేదు. అయినా ప్రతిసారీ సరిగ్గానే పోతున్నాడు. మాటలు మానేసి ఈజిప్టు ఆయన్ని చేత్తో తట్టి చెప్పాను. అప్పుడూ అంతే. చిత్తుగా ఓడిపోయాం.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా చేతులు కలుపుకుంటూ పోవాలి. వాడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నీ మాటలతో నాకేం పనప్పా. నీ వేళ్ళు చెప్తాయి. ముందుకు నూకేటప్పుడు నేల మీద పెట్టిన నీ వేళ్ళు తెల్లగా పాలిపోతాయి. వెనక్కి పొయ్యేటప్పుడు ఎర్రగానే ఉంటాయి. ఏడాదంతా నీ పక్కన వంగినా గదా, చూడకుండా ఉంటానా?"

ఒళ్ళు మండిపోయింది. బరువు ముందుకు వేస్తే వేళ్ళ మీద పడుతుంది, వెనక్కి పోవాలంటే మడమల మీద ఉంటుంది. రెండేళ్ళుగా నన్ను తయారుచేస్తున్న కోచ్‌కి కనపడనిది, నన్ను చూస్తే గిట్టనివాడికి కనపడింది. కనపడి, ఏడాదంతా దాచుకున్నాడు. ఒకే జట్టులో ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఏం పోయేది వాడికి?

దాచుకున్నవాడు ఇప్పుడు ఊరంతా చెప్పాడు. మిగిలిన ఆటల్లో ఎవడు ఎదురుపడినా ముందు నా వేళ్ళకేసి చూసేవాడు. చలికాలం అయ్యేసరికి కోచ్ ఉద్యోగం మారి ఆటకు రావడం మానేశాడు. మూడో ఏడు డ్రాఫ్ట్‌లో నన్ను పిలిచేసరికి గోడ పక్కన నాతోపాటు మిగిలింది హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో కూడా తెలియనివాళ్ళు. పిలిచిన కెప్టెన్ కూడా వేరే దారిలేక పిలిచాడు.

ఆ ఏడాది నాకు నేనే కోచ్‌ని. ఖైతాన్‌లో మా గదిలో, డ్యూటీకి వెళ్ళే ముందు, అద్దం ముందు వంగి చెయ్యి నేలకు ఆనించేవాణ్ణి. ముందుకు పోయినా వెనక్కి పోయినా చేతి మీద ఒకే బరువు ఉండాలి. అలా ఉంటే తొడలు మండుతాయి, నడుం పట్టేస్తుంది. గదిలోవాళ్ళు బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి నన్ను దాటుకుని పోతూ, "ఏంటి బాబూ, పొద్దున్నే నేల తుడుత్తన్నావా?" అనేవారు. బియ్యం బస్తా మీద అరచెయ్యి పెట్టి, అది నొక్కుకోకుండా లేవడం నేర్చుకున్నాను. కోల్డ్ స్టోరేజీలో ఖాళీ దొరికినప్పుడల్లా అదే పని. వేళ్ళ రంగు మారడం మానడానికి చలికాలం సగం పట్టింది.

తర్వాత ఒక ఆటలో వాడు మళ్ళీ నాకెదురుగా వచ్చాడు. వంగాడు, నా వేళ్ళు చూశాడు, ఇంకా కిందికి వంగి మళ్ళీ చూశాడు. ఆ ఆటంతా వాడు నన్ను దాటలేదు. కుడికి వస్తే కుడికి, ఎడమకు వస్తే ఎడమకు, గుండెల మీద రెండు చేతులూ పెట్టి అవతలికి నెట్టుకుంటూ పోయాను. చూసేవాళ్ళకి ఇందులో ఏమీ కనపడదు. క్వార్టర్‌బ్యాక్ హాయిగా నిలబడి బంతి విసిరాడు, చప్పట్లు అతనికి పడ్డాయి.

అయ్యాక చేతులు కలిపే వరసలో వాడు ఆగాడు.

"ఎవరు సరిచేసినారు?"

"నువ్వే గదా చెప్పేవు."

"నీకు నేర్పేదానికి చెప్పలేదు నేను."

"నాకు తెలుసు," అన్నాను.

చెయ్యి లాక్కుని పికప్ వైపు వెళ్ళిపోయాడు. వాడి వల్లే నా ఆట మెరుగుపడిందని మా కొత్త కెప్టెన్ ఒకసారి అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. దానికి నేను వాడికి కృతజ్ఞత చూపాలని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. వాడు చేసింది నాకు మేలు చేయాలని కాదు.

ఈ చలికాలం కఫీల్ కొడుకు నన్ను రెండో వంతులోనే పిలిచాడు. మొదటి వంతులో ఎవర్ని పిలిచాడో చెప్పనక్కర్లేదు. హాల్లోంచి బయటికి వచ్చాక అతన్ని పక్కకి పిలిచి, ఇప్పుడు వచ్చిన అరబ్బీలో, వాడి పక్కన నిలబడనని చెప్పేశాను. అతను ఎందుకని కూడా అడగలేదు. ఇప్పుడు నేను ఎడమ చివర, వాడు కుడి చివర. మధ్యలో ముగ్గురున్నారు. బంతి కదిలే ముందు ఆ చివర నుంచి వాడి గొంతు వినపడుతూనే ఉంటుంది. నేను అటు తిరగను.