పాత గేటు దగ్గర టాక్సీ

జెనివాల్దోకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి: విమానాశ్రయం ఎత్తేసిన చోట టాక్సీ ఆపుకుని ప్రయాణికుల కోసం ఎదురుచూడడం.

ఒకప్పుడు నతాల్ ఊరి విమానాలన్నీ అక్కడే దిగేవి. తర్వాత ఊరికి అటు చివర కొత్తది కట్టి, పాతదాన్ని వాయుసేనకు అప్పగించేశారు. టాక్సీలన్నీ కొత్త చోటికి తరలిపోయాయి. మనవాడు కదిలితేగా! గేట్లోంచి ఎవరొచ్చినా "సామాను ఇలా ఇవ్వండి సార్!" అని ఎదురెళ్తాడు. ఓసారి కవాతు చేస్తున్న పటాలాన్ని ఆపి, "నలుగురే పడతారు బాబూ, తక్కినవాళ్లు ఆగండి" అన్నాడట.

భార్య లిందాల్వాకు తల కొట్టేసినట్టుండేది. పెళ్లికి ముందు ఆమె ఆ విమానాశ్రయంలోనే కాఫీ అమ్మేది. ఆదివారమొస్తే ఊరు ఊరంతా పిల్లాపాపలతో దాని డాబా ఎక్కి విమానాలకు చేతులూపేది. ఆ సందడి తలుచుకుంటే ఆమెకూ బెంగే. కానీ బెంగ కడుపు నింపదు కదా!

కొత్త విమానాశ్రయం టాక్సీ స్టాండులో ఒక చోటు ఖాళీ అయింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా వచ్చి అడిగినవాడిదే. లిందాల్వా స్వయంగా పాత గేటు దగ్గరికొచ్చి కారెక్కి కూర్చుంది.

"పద. ఇది పోతే మళ్లీ దొరకదు."

"ఇంకాసేపు చూద్దాం లిందా."

"ఏం చూస్తావయ్యా, నా మొహం! ఆ యుద్ధవిమానం దిగి నీ కారెక్కుతుందా?"

అంతలో బస్సు దిగిన ఓ ముసలమ్మ పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, కాపలా సిపాయి క్లేబెర్‌ను గదమాయించింది.

"తప్పుకో నాయనా! సావో పావులో ఊరి విమానం వెళ్లిపోతుంది. నా కూతురికి పురుడు."

"విమానాశ్రయం ఇక్కడ లేదమ్మా."

"లేకపోవడమేంటి? పోయినసారి ఇక్కడే ఎక్కాను!"

క్లేబెర్ ఇటు తిరిగి కేకేశాడు. "బాబాయ్, ఇవాళ్టి బేరం వచ్చింది!"

జెనివాల్దో అప్పటికే పెట్టె ఎత్తేశాడు.

"ఇవాళ్టి బేరమా?" అంది లిందాల్వా.

"పల్లెల నుంచి వస్తూనే ఉంటారు పిన్నీ, పాత అలవాటు మీద. బాబాయే కొత్తదాని దగ్గర దింపొస్తాడు. ఏడ్చేవాళ్లను కిరాయి అడగలేనంటాడు."

లిందాల్వా నోరు తెరిచింది, తిట్టడానికే. కానీ ముసలమ్మ గుప్పిట్లో పసిపిల్లల ఉన్ని టోపీ కనబడింది. "ఇంకా చూస్తావేం, పోనీ!" అంది మొగుడితో.

దారిలో అడిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానిపిస్తావు. పిచ్చోడనుకుంటే వదిలేస్తావు."

"అయితే ఆ బెంగంతా నాటకమేనా?"

"నాటకమైతే బాగుండేదే. ఆ గేటు చూస్తే ఇప్పటికీ 'వేడి వేడి కాఫీ' అని నీ గొంతే వినిపిస్తుంది."

లిందాల్వా కిటికీ వైపు తిరిగింది.

కొత్త విమానాశ్రయం దగ్గర దిగి, ముసలమ్మ దీవించి లోపలికి పరిగెత్తింది. స్టాండు ఆఫీసు ఎదురుగానే ఉంది. మధ్యాహ్నం ఇంకా కాలేదు.

"పద, అడుగుదాం. నువ్వన్నదే నిజం" అన్నాడు జెనివాల్దో నీరసంగా. అప్పుడే ఫోన్ మోగింది. అవతల క్లేబెర్.

"బాబాయ్, ఓ పెద్దాయన వచ్చాడు. సంకలో పుంజు. లోపలికి పోనివ్వట్లేదని ఇద్దరూ నా మీద అరుస్తున్నారు."

జెనివాల్దో భార్య వంక చూశాడు. భార్య స్టాండు వంక చూసింది. తర్వాత ఫోన్ లాక్కుంది.

"ఒరే క్లేబెర్, ఆ పెద్దాయన్ని నీడన కూర్చోబెట్టు. మేం వస్తున్నాం."

స్టాండు ముందు నుంచే కారు తిరిగింది. ఆమె అటు తల తిప్పలేదు. ముందు సీటు తనది కదా, మరి పుంజును ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తోంది.