బోర్డు మీద ఉంచిన తప్పు

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది అది. ఆత్మకూరులో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా ఉన్న నన్ను ఆ జూన్‌లో ఇన్‌స్ట్రక్షనల్ కోచ్‌గా వేశారు. పేరు పెద్దదిగానీ పని అర్థం చేసుకోవడం తేలిక. బడులకు వెళ్ళి తరగతి గదిలో వెనక కూర్చుని పాఠం ఎలా సాగుతోందో చూడాలి. దాన్ని అబ్జర్వేషన్ అంటారు. తర్వాత ఆ టీచరుతో కూర్చుని ఏది బాగుంది, ఏది మార్చుకోవచ్చు అని మాట్లాడాలి. అది ఫీడ్‌బ్యాక్. కోచ్ అంటే ఇన్‌స్పెక్టరు కాదని, తప్పులు రాసుకుని పోవడం మన పని కాదని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఆ మాట నేను కూడా చాలామందికి చెప్పాను.

నాకిచ్చిన బడుల్లో ఒకటి ఉదయగిరి దాటాక కొండల వైపు ఉన్న చిన్న ఊళ్ళో ఉంది. ఆత్మకూరులో పొద్దున్నే బస్సెక్కి ఉదయగిరిలో దిగి, అక్కణ్ణించి ఆటోలో పోవాలి. ఊళ్ళో సగం మంది రైతులు, సగం మంది గొర్రెలూ మేకలూ మేపుకునేవాళ్ళు. మేత కోసం ఇంటిల్లిపాదీ మందతో వెళ్ళిపోతే పిల్లలు వారాల తరబడి బడికి రారు. ఆ బడిలో లెక్కలు చెప్పే సుభాషిణికి ఉద్యోగం వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఊరు వింజమూరు. రోజూ స్కూటీ మీద వచ్చేది. మెల్లగా మాట్లాడే మనిషి.

ఆగస్టులో మొదటిసారి ఆమె ఆరో తరగతికి వెళ్ళాను. భిన్నాల కూడిక చెబుతోంది. బోర్డు మీద అర, దాని పక్కన మూడో వంతు రాసి, కలిపితే ఎంతని అడిగింది. మూడో వరసలో ఒక పిల్ల లేచి, పైవి పైకి, కిందివి కిందికి కలిపి "రెండు బై ఐదు టీచర్" అంది. సుభాషిణి ఆ జవాబునే బోర్డు మీద రాసింది. తప్పు జవాబు. రాసి, తరగతి వైపు తిరిగి, "అందరూ ఒప్పుకుంటారా?" అని అడిగింది. కొందరు ఊఁ అన్నారు. తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. చాక్‌పీస్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

మా పనిలో వెయిట్ టైమ్ అనే మాట ఒకటుంది. ప్రశ్న అడిగాక పిల్లలు ఆలోచించుకోవడానికి టీచరు మౌనంగా ఆగే సమయం అది. నేను నింపే అబ్జర్వేషన్ షీటులో దానికొక గడి కూడా ఉంది. ఆ రోజు నా కళ్ళకు అది కనిపించలేదు. ఈ అమ్మాయికి జవాబు తెలియక నిలబడిపోయిందనుకున్నాను. గదిలో ముప్ఫైమంది పిల్లలు తప్పు ఎక్కించుకుంటున్నారని ఆగలేకపోయాను.

"ఒక్క నిమిషమమ్మా," అంటూ లేచాను.

ముందుకు వెళ్ళి ఆమె చేతిలోని చాక్‌పీస్ తీసుకున్నాను. రెండు బై ఐదు తుడిచేశాను. క.సా.గు. ఆరు ఎలా వస్తుందో చూపించి, ఐదు బై ఆరు అని పెద్దగా రాసి, కింద గీత గీశాను. బాగానే చెప్పాను. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠం. పిల్లలు గబగబా రాసుకున్నారు. ఎవరో "టీచర్ తప్పేసినాది" అని గుసగుసలాడారు, ఇద్దరు నవ్వారు. నేను విన్నాను. వాళ్ళను వారించలేదు. సుభాషిణి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ఫీడ్‌బ్యాక్‌లో దాదాపు ముప్పావుగంట నేనే మాట్లాడాను. రాత్రే పాఠం చూసుకుని రావాలని, అనుమానముంటే ఫోన్ చెయ్యమని అన్నాను. ఆమె "సరే సార్" అంది. మధ్యలో ఒకసారి "సార్, అది..." అని మొదలుపెట్టింది. "పర్లేదమ్మా, కొత్తలో అందరికీ ఉండేదే" అని నేనే ఆపేశాను. రిపోర్టులో 'సబ్జెక్టు పరిజ్ఞానం మెరుగుపడాలి' అని రాశాను. తర్వాతి నెల ఉదయగిరిలో జరిగిన టీచర్ల మీటింగులో ఒక్కో బడి పేరూ చదువుతూ రిమార్కులు వినిపించారు. ఆ వాక్యం కూడా వినిపించారు. ఆ బడిలో లెక్కలు చెప్పేది ఆమె ఒక్కతే.

ఆ నెలలోనే ఆటో కోసం నిలబడి ఉంటే బడి కమిటీలో ఉన్న ఒక రైతు పలకరించాడు.

"ఆ టీచరమ్మకి లెక్కలు రావంట గదా సార్? మా పిల్లకాయలు చెప్పినారు."

"కొత్త గదయ్యా, నేర్చుకుంటుందిలే. నేను చూసుకుంటా," అన్నాను.

ఆమెను కాపాడానని అనుకుంటూ ఆటో ఎక్కాను. ఆయన అడిగినదానికి నేను ఔనని చెప్పి వచ్చానన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత వెళ్ళిన మూడుసార్లూ నా షీటులో మార్కులు పెరుగుతూ వచ్చాయి. సుభాషిణి గైడు చేతిలో పెట్టుకుని ఒక్కో మెట్టూ బోర్డు మీద రాసేది. తప్పన్నది లేదు. పిల్లలు అచ్చుగుద్దినట్టు దించుకునేవాళ్ళు. గది నిశ్శబ్దంగా ఉండేది. కోచింగ్ వల్ల మార్పు వచ్చిన టీచరుగా ఆమె గురించి ఒక శిక్షణలో ఉదాహరణగా కూడా చెప్పాను.

మార్చిలో వెళ్ళినప్పుడు వెనక కుర్చీ వదిలి మూడో వరసలో పిల్లల పక్కన కూర్చున్నాను. నా పక్కనున్న పిల్ల పేరు వెంగమ్మ. నాన్నకు గొర్రెల మంద ఉంది. పుస్తకం శుభ్రంగా ఉంది. అరకు మూడో వంతు కలపమంటే క.సా.గు. తీసి ఐదు బై ఆరు టకటకా వేసింది.

"అర పెద్దదా, ఈ ఐదు బై ఆరు పెద్దదా?" అని అడిగాను.

పుస్తకం వెనక్కీ ముందుకూ తిప్పింది. "అది మాకు రాయించలేదు సార్."

"దోశ అనుకో."

వెంగమ్మ ఒక గుండ్రం గీసి, గీతలు పెట్టి, కాసేపు చూసి ఐదు బై ఆరే పెద్దదని చెప్పింది. తర్వాత తనే అంది: "ముందర ఇట్టాంటివి బాగా గీసేవోళ్ళం సార్."

"ముందరంటే?"

"టీచర్ మేం చెప్పిన తప్పు లెక్క బోర్డు మీద అట్టనే ఉంచేది. ఎవురు పట్టుకుంటారో చూద్దామనేది. మేం పట్టుకునేదాకా తుడిచేది కాదు. మీరొచ్చి దిద్దినాక ఇంక ఆ ఆట లేదు."

"ఆ రోజు రెండు బై ఐదు చెప్పింది ఎవరు?" అన్నాను.

"నేనే సార్. చెప్పినాక నాకే అనుమానమొచ్చింది. అరకి ఇంకోటి కలిపితే అర కంటే తగ్గిందేంది అని. చెయ్యెత్తబోతా ఉంటే మీరు లేచినారు."

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు కూర్చున్నాక వరండాలో సుభాషిణితో మాట్లాడాను. అప్పటికి ఏడు నెలలైంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పబోయినాను సార్. మీరు పెద్దోళ్ళు. ఇంక ఆపేసినాను." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది.

"నాదే తప్పు. మళ్ళీ మొదలుపెట్టమ్మా. నేను అడ్డం రాను."

ఆమె పిల్లల వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "ఇప్పుడు కుదరదు సార్. టీచర్‌కి తెలుసు, కావాలనే ఉంచింది అన్న నమ్మకం ఉంటేనే అది ఆట. ఇప్పుడు తప్పు ఉంచితే, నిజంగానే ఈమెకి రాదనుకుంటారు. ఇంటికాడ పెద్దోళ్ళూ అదే అంటా ఉండారు."

ఆ సాయంత్రం చివరి పీరియడులో ఆమెను అడిగి తరగతి ముందు నిలబడ్డాను. ఆగస్టులో నేను తొందరపడ్డానని, తప్పు టీచరుది కాదు నాదని చెప్పాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి ఒక పిల్లాడు, "అయితే రెండు బై ఐదు కరెక్టేనా సార్?" అని అడిగాడు. వాడు ఎగతాళికి అడగలేదు. నేను చెప్పింది వాడికి అలాగే అర్థమైంది. కాదురా అని మళ్ళీ మొదటినుంచీ చెప్పబోయేసరికి బెల్ కొట్టారు.

రిమార్కు వెనక్కి తీసుకుంటానని ఆఫీసుకు కాగితం పెట్టాను. పాత రిపోర్టులు మార్చడం కుదరదని, తర్వాతి రిపోర్టుల్లో మార్కులు బాగానే వచ్చాయి కదా అని జవాబిచ్చారు. ఆ తర్వాతి రిపోర్టులు పిల్లలు దించుకున్న పాఠాలవి. ఆ సంగతి ఆ కాగితంలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. తర్వాత బదిలీల్లో సుభాషిణి కోరుకుని కలిగిరి వైపు వెళ్ళిపోయింది. ఆ ఆరో తరగతి పిల్లలు ఏడుకు వెళ్ళారు, వేరే మాస్టరు వచ్చాడు. ఒక తరగతిలో ఒక టీచరు పట్టిన దారిని నేను ఐదు నిమిషాలు ఓపిక పట్టలేక మూసేశాను. ఆ పిల్లలకు ఆ ఏడాదిని తిరిగి ఇవ్వడం నాచేత కాదు.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పాఠానికి ముందే టీచరును అడుగుతాను, ఇవాళ ఏం చెయ్యబోతున్నారని. బెల్ కొట్టేదాకా కుర్చీ వదలను. ఫీడ్‌బ్యాక్‌లో మొదటి మాట టీచరుదే. ఆ మాట సగంలో ఆగితే, పూర్తయ్యేదాకా ఎదురుచూస్తాను. ఇవన్నీ శిక్షణలో నాకు ముందే చెప్పినవే.

పోయిన ఏడాది ఆత్మకూరులో జరిగిన ఒక శిక్షణకు సుభాషిణి వచ్చింది. టీ విరామంలో తనే వచ్చి పలకరించింది. కొత్త బడి బాగుందట, పిల్లలు చురుకట. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగాను.

"తప్పులు ఉంచుతున్నావా అమ్మా?"

"ఉంచతా ఉండాను సార్. అక్కడి పిల్లకాయలు గట్టిగా పోట్లాడతారు దానికోసం." ముఖం వెలిగింది. తర్వాత కప్పులోకి చూస్తూ అంది: "కాకపోతే బయటోళ్ళు ఎవురన్నా వస్తా ఉండారని తెలిస్తే, ముందే తుడిచేస్తాను."

ఇప్పటికీ ఏ బడికి వెళ్ళినా, నేను గదిలోకి అడుగుపెట్టేసరికి బోర్డు తుడిచి శుభ్రంగా ఉంటే మెచ్చుకోబుద్ధి కాదు. అక్కడ అంతకుముందు ఏముండేదో నాకు తెలియదు. ఆ టీచరు నాకు చూపించడానికి ధైర్యం చేసేదాకా, మళ్ళీ మళ్ళీ వెళ్ళి వెనక కూర్చోవడమే నా పని.