దారిలో విప్పిన ఒడిబియ్యం

పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసి పంపే ఒడిబియ్యం మూటను అత్తగారింట్లో దేవుని ముందే విప్పాలి, దారిలో విప్పకూడదు. ఇది నన్ను కన్న అవ్వ పట్టింపు. ఆ పట్టింపు వల్లే నేను దొంగనయ్యాను.

జమ్మికుంట దగ్గరి మా పల్లెలో అవ్వ నాకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, మీద ఆకుపచ్చ రవిక గుడ్డ. ఆ గుడ్డను అన్న ముందురోజే జమ్మికుంటలో కొనుక్కొచ్చాడు. మా ఆయన బొగ్గుగనిలో పనిచేస్తాడు, ఆయన దగ్గరికి పోవడానికి జమ్మికుంటలో రైలెక్కాలి. అన్న నన్ను ఆ గుడ్డ కొన్న బట్టల దుకాణంలోనే కూర్చోబెట్టి టికెట్లకు పోయాడు. నేను మా ఆయనకు తువ్వాల చూస్తున్నాను. ఒళ్లో మూట సందులోంచి గుడ్డ కొస బయటికి వచ్చింది. దుకాణం సేటు ముందున్న తానులో గుడ్డ కూడా అదే.

“గా మూట ఇప్పు,” అన్నాడు సేటు.

“ఇది ఒడిబియ్యం. తొవ్వల ఇప్పొద్దు,” అన్నాను.

వద్దన్నకొద్దీ అతని అనుమానం గట్టిపడింది. గడపకు అడ్డంగా మనిషిని నిలబెట్టాడు. అన్న కొన్న గుడ్డేనని చెప్పాలని తోచక, మూటను రెండు చేతులా ఒళ్లోకి అదుముకున్నాను. చీరలు చూస్తున్న ఒకామె, “దొంగకు తేలు కుట్టినట్టు ఎట్ల గమ్మునున్నదో సూడు,” అన్నది. సేటే మూట గుంజాడు. ముడి ఊడి బియ్యమంతా పరుపు మీద పడ్డది. అతను గుడ్డ పైకెత్తి, “దొంగ దొరికింది,” అని అందరికీ వినబడేలా అన్నాడు.

అన్న వచ్చేసరికి నేను ఏడుస్తూ బియ్యం ఏరుతున్నాను. ముందురోజు గుడ్డ కోసిచ్చిన పనివాడు అన్నను గుర్తుపట్టాడు. సేటు గొంతు తగ్గించి, “పొరపాటైంది, పోండ్రి,” అన్నాడు. ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. రైలు తప్పిపోయి ఇంటికి తిరిగొస్తే, మాకంటే ముందే కబురు ఊరు చేరింది.

వారం తర్వాత కరీంనగర్ కోర్టు కచ్చేరి దగ్గర ఒక ముసలి వకీలు సాబ్ దగ్గర కూర్చున్నాం. ఆయన ఇలాంటివి ఎన్ని విన్నాడో, నాకంటే ఎక్కువ అలసిపోయినట్టున్నాడు.

“సూడు బేటీ, నోటీసిస్తే తప్పైందని కాగితం రాసిస్తడేమో. రాసియ్యకుంటే మేజిస్ట్రేటు ముందట ఫిర్యాదు పెట్టొచ్చు. నలుగురిల దొంగన్నడు, బయటికి పోనియ్యకుండ ఆపిండు, రెండూ నేరాలే. పరువు పోయిందని పరిహారానికి దావా వేరేగ ఏసుకోవచ్చు. కానీ సూసినోళ్లు వచ్చి చెప్పాలె. నువ్వు బోనెక్కి అంతా మల్ల చెప్పాలె.”

“నాకు పైసలొద్దు సాబ్. గా దుకాణంలనే, గా ఆడోళ్ల ముందటనే, నేను దొంగను కాదని చెప్పాలె.”

“రాజీల అడుగుదం. వాడు ఒప్పుకుంటేనే అయితది. ఒప్పుకోకుంటే కోర్టు గా పని చేపియ్యదు.”

నోటీసు పోయింది. అన్న సాక్షుల కోసం ఊళ్లు తిరిగాడు. దొరికిన ఒకామె, “గుడ్డ ఎల్లింది సూసిన. తర్వాత ఏమైందో నాకెర్క లే. కచ్చేరికి నేను రాను,” అన్నదట. ఆమెను తప్పుపట్టి ఏం లాభం? కోర్టులో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అన్నాడు అన్న. నాకూ ఓపిక అయిపోయింది. సేటు దుకాణంలో చెప్పనన్నాడు, కాగితం మాత్రం పంపాడు. పొరపాటున అనుమానించినట్టు నాలుగు వరుసలు, కింద సంతకం. వకీలు సాబ్ దాన్ని భద్రంగా దాచుకోమన్నాడు.

పల్లెకు తెచ్చి అవ్వకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. “గట్లనా,” అని లేచి కూర వండడానికి పోయింది.

మళ్లీ పుట్టింటికి పోయినప్పుడు అవ్వ ఒడిబియ్యం పోసింది. బియ్యం, కుడుకలు, వక్కలు అన్నీ ఉన్నాయి.

“అవ్వా, రవిక గుడ్డ మరిచినవ్.”

“ఎందుకు బిడ్డా, తొవ్వల పరేషాన్,” అన్నది నా మొహం చూడకుండా ముడి వేస్తూ.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోసినా నా ఒడిలో గుడ్డ పెట్టలేదు. కాగితం నా పెట్టెలోనే ఉంది. గుడ్డ పెట్టనిది భయంతోనా, నా మీద అనుమానంతోనా అని అవ్వ బతికున్నన్నాళ్లూ నేను అడగలేకపోయాను.